అధికార ప్రతినిధి అయిన మా అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్ను పార్టీ అధికార ప్రతినిధుల జాబితాలో చేర్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను తల్లీ. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. మీ సీనియర్ నాయకుడొకాయన ఎప్పుడో చేసిన ప్రసంగం ఇప్పుడు బయటికొచ్చిందట, ఈ వారం టీవీ చర్చల్లో దానికి సమాధానం చెప్పే పని నీకు అప్పగించారట. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. ఇలాంటి పని కొత్తవాళ్ళ మీద పడటానికి కారణం తరచూ ఒకటే. ఆ రోజు పాతవాళ్ళెవరూ ఫోన్ ఎత్తరు. నీ మీద నమ్మకంతోనే ఇచ్చారనుకుందాం. అయినా ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే స్టూడియోకి వెళ్ళు.

వేళకి ముందే చేరుకోవడం, గొంతు పెంచకుండా మాట్లాడటం, ఎదుటివాళ్ళని ‘గారు’ అనడం నీకు నేను చెప్పక్కర్లేదు.

మొట్టమొదట ఆ వీడియో మొత్తం చూడు. వాట్సాప్‌లో తిరుగుతున్న ముప్పై సెకన్ల ముక్క సరిపోదు. ఆ మాటకి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు చూడు. చూస్తూ కాగితం మీద రాసుకో. ఏ తేదీ, ఏ వేదిక, అప్పటికి ఆయన పదవేంటి, అప్పుడు ఏ పార్టీలో ఉన్నాడు, ఎవరో అడిగితే అన్నాడా, తనంతట తానే అన్నాడా, జనం చప్పట్లు కొట్టినప్పుడు అదే మాట రెండోసారి అన్నాడా? ఈ ఆఖరి ప్రశ్న చాలామంది వేసుకోరు. నోరు జారిన మనిషి ఒకసారి జారతాడు. రెండోసారి అన్నాడంటే నమ్మే అన్నాడు. అప్పుడు ‘పొరపాటున దొర్లింది’ అన్న సమాధానం నీ చేతుల్లోంచి పోయినట్టే.

ఆ తర్వాత ఆయనకే ఫోన్ చెయ్యి. కార్యదర్శితోనో పీఏతోనో సరిపెట్టుకోకు. “ఇలాంటిది ఇంకెక్కడైనా ఉందా?” అని సూటిగా అడుగు. పెద్దాయనని ఎలా అడగాలని మొహమాటపడతావు, నాకు తెలుసు. అడగాలమ్మా. 2002 డిసెంబర్ 5న అమెరికాలో స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్‌కి నూరో పుట్టినరోజు వేడుక చేశారు. ఆయన 1948లో నల్లవాళ్ళని వేరుగా ఉంచాలన్న విధానం మీద అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి. రిపబ్లికన్ల సెనేట్ నాయకుడు ట్రెంట్ లాట్ ఆ వేడుకలో, అప్పుడు దేశమంతా ఆయన్నే గెలిపించి ఉంటే ఇన్నేళ్ళ ఇబ్బందులు ఉండేవి కావన్న అర్థంలో మాట్లాడాడు. పెద్దాయన్ని పొగడటానికి అన్న మాటే తప్ప అందులో ఇంకేమీ లేదని లాట్ తరఫువాళ్ళు సమర్థించారు. కొద్దిరోజుల్లోనే, 1980లో కూడా లాట్ దాదాపు ఇదే మాట అన్నట్టు బయటపడింది. పొగడ్త అన్న వివరణ ఆ క్షణమే కూలిపోయింది. డిసెంబర్ 20కల్లా ఆయన నాయకత్వ పదవి వదులుకున్నాడు. రెండో వీడియో ఉందని నీకు ముందే తెలిస్తే నీ మొదటి వాక్యమే మారిపోతుంది. అందుకే అడగమంటున్నాను.

ఆ ప్రసంగం మీద ఎక్కడైనా కేసు నడుస్తోందేమో పార్టీ న్యాయవిభాగంలో కనుక్కో. పాత ప్రసంగాలు కోర్టులో పాతబడవు. 2019 ఎన్నికల ప్రచారంలో కోలార్‌లో చేసిన ప్రసంగానికి రాహుల్ గాంధీకి సూరత్ కోర్టు 2023 మార్చి 23న రెండేళ్ళ శిక్ష వేసింది, మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాకే తిరిగి వచ్చింది. కేసు ఉంటే నువ్వు చెప్పబోయే వాక్యాలని లాయర్ చేత చదివించుకోకుండా బయటికి రావద్దు. పరువునష్టం కలిగించే మాటని ఒకరన్నాక ఇంకొకరు సమర్థిస్తూ మళ్ళీ అంటే, ఆ రెండో మనిషి కూడా బాధ్యుడవుతాడు. “ఆయనన్నదాంట్లో తప్పేముంది, ఫలానావాడు ఫలానా కదా” అని నీ నోటితో అన్నావంటే ఆ నోటీసు నీ ఇంటికి కూడా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి వివాదంలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఆ మాట, ఆ మనిషి, పార్టీ విధానం. నిన్ను అడిగేవాళ్ళు మూడింటినీ ఒకే ప్రశ్నలో కలిపి అడుగుతారు. నువ్వు విడదీసి చెప్పాలి. ఆ మాట తప్పా ఒప్పా అన్నదానికి ఒక వాక్యం. పార్టీ విధానం ఏమిటన్నదానికి ఒక వాక్యం, వీలైతే మేనిఫెస్టోలో ఉన్నదే. ఆ మనిషి విషయంలో పార్టీ ఏం చేస్తోందన్నదానికి ఒక వాక్యం, తేదీతో సహా. “ఆ మాట తప్పు. మా పార్టీ దానితో ఏకీభవించదు. వివరణ అడిగాం, ఫలానా తేదీలోగా నిర్ణయం చెబుతాం.” పలకడానికి పదిహేను సెకన్లు పట్టదు. మూడో వాక్యానికి కావలసిన తేదీ పార్టీ నీకు ఇవ్వకపోతే ఆ తేదీ కోసం పట్టుబట్టు. అది లేకుండా వెళితే చర్చంతా ఆ ఖాళీ చుట్టూనే తిరుగుతుంది.

సమర్థించడానికి అందరూ వాడే మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎక్కడ విరుగుతాయో చెబుతాను.

‘సందర్భం లేకుండా కత్తిరించారు’ అనాలంటే ఆ సందర్భం నీ చేతిలో ఉండాలి. పూర్తి వీడియో ఉండి, అది చూస్తే అర్థం నిజంగా మారిపోయేటట్టుంటే ఇంతకంటే మంచి సమాధానం లేదు. నువ్వే ఆ వీడియో విడుదల చెయ్యి, ఏ నిమిషం దగ్గర చూడాలో చెప్పు. పూర్తిగా చూసినా అర్థం అదేనైతే మాత్రం ఆ మాట ఎత్తకు. ఎదుటివాళ్ళు మొత్తం వీడియో వేస్తారు, నీ పార్టీ మాట ఒకసారికి బదులు ఐదుసార్లు వినబడుతుంది.

‘వ్యక్తిగత అభిప్రాయం’ అన్నిటికంటే ఎక్కువగా అరిగిపోయిన మాట. మామూలు కార్యకర్త అన్న మాటైతే ఆ జవాబు సరిపోతుంది. టికెట్ ఇచ్చిన అభ్యర్థో పదవిలో ఉన్నవాడో అంటే, “మరి ఆయన్ని కొనసాగిస్తారా?” అన్నది తర్వాతి ప్రశ్న. 2024 మేలో ఎన్నికల మధ్యలో శాం పిట్రోడా భారతీయుల రూపురేఖల మీద చేసిన వ్యాఖ్య పార్టీ అభిప్రాయం కాదని కాంగ్రెస్ వెంటనే ప్రకటించింది. ఆయన అదేరోజు ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. జూన్ చివర్లో మళ్ళీ అదే పదవిలో నియమించారు. ఆ తర్వాత ఎవరు ‘పార్టీకి సంబంధం లేదు’ అన్నా, వినేవాళ్ళకి ఆ జూన్ గుర్తుకొస్తుంది. మంత్రి అన్న మాటైతే చట్టం ఒక సంగతి తేల్చింది. మంత్రి మాటని సమష్టి బాధ్యత పేరుతో ప్రభుత్వానికి అంటగట్టలేమని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనంలో మెజారిటీ తీర్పు ఇచ్చింది. కానీ అది కోర్టులో చెల్లే వాదన. చర్చలో నువ్వు దాన్ని ఎత్తితే, తప్పించుకోవడానికి తీర్పు చదువుతోందనుకుంటారు.

‘ఖాతా హ్యాక్ అయింది’ అన్నది నీ నోటినుంచి ఎప్పుడూ రాకూడదు. సైబర్ పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు నకలు నీ చేతిలో ఉంటే తప్ప. ‘నేనింకా వీడియో చూడలేదు’ అన్నది మొదటిరోజు నిజం కావచ్చు. రెండోరోజు దాన్ని ఎవరూ నమ్మరు. ‘వాళ్ళ నాయకుడు అంతకంటే ఘోరంగా అన్నాడు’ అంటే మీవాడిదీ ఘోరమేనని ఒప్పుకున్నట్టే. ‘సరదాగా అన్నాడు’ అనేముందు ఆ మాట ఎవరి గురించో వాళ్ళు నవ్వగలరేమో ఆలోచించు. ‘అప్పటి కాలం వేరు’ అనాలంటే, ఆ రోజుల్లో కూడా ఆ మాటకి అభ్యంతరం చెప్పినవాళ్ళు ఉన్నారేమో పాత పత్రికలు తిరగెయ్యి. ఒక్క ఖండన దొరికినా ఆ వాదన వదిలెయ్యి.

అందరూ ఒకే మాట మీద ఉండేలా చూడటం నీ పని కాదనుకోకు. 2019 మే 16న భోపాల్ బీజేపీ అభ్యర్థి ప్రజ్ఞా ఠాకూర్ గాడ్సేని దేశభక్తుడన్నారు. పార్టీ ప్రతినిధి ఆరోజే ఖండించారు, ఆమె చేత క్షమాపణా చెప్పించారు. అంతటితో ఒక ఒడ్డుకి చేరవలసింది. తెల్లవారేసరికి అదే పార్టీకి చెందిన కేంద్రమంత్రి అనంతకుమార్ హెగ్డే, ఎంపీ నళిన్ కుమార్ కటీల్ ఖాతాల్లో గాడ్సేని వెనకేసుకొచ్చే ధోరణిలో ట్వీట్లు వచ్చాయి. హెగ్డే తన ఖాతా హ్యాక్ అయిందన్నారు. చివరికి పార్టీ అధ్యక్షుడు అమిత్ షా ముగ్గురి మాటలూ వాళ్ళ వ్యక్తిగతమని, పది రోజుల్లో క్రమశిక్షణ సంఘం నివేదిక ఇస్తుందని చెప్పవలసి వచ్చింది. ఒకరి మాట ముగ్గురి మాటయింది. అదే ఏడాది నవంబర్‌లో లోక్‌సభలో ఆమె మాటల మీద మళ్ళీ అదే వివాదం రేగింది. కాబట్టి నువ్వు స్టూడియోకి బయల్దేరేముందు ఒక్క పేజీ ప్రకటన తయారై, మాట్లాడబోయే అందరి ఫోన్లలో ఉందో లేదో చూసుకో. ఎవరు మాట్లాడాలో, ఎవరు మాట్లాడకూడదో ఆ పేజీలోనే రాయించు.

ఇక ఒక పాత తప్పు గురించి చెప్పాలి. దీనికోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను. నీకు విసుగొచ్చినా చదువు.

బ్రిటన్‌లో నాజ్ షా అని లేబర్ పార్టీ ఎంపీ. 2015లో గెలిచింది. అంతకుముందు 2014లో, ఇంకా ఎంపీ కాకముందు, ఫేస్‌బుక్‌లో ఇజ్రాయెల్‌ని అమెరికాకి తరలిస్తే సమస్య తీరిపోతుందన్న బొమ్మని పంచుకుంది. 2016 ఏప్రిల్ చివర్లో, స్థానిక ఎన్నికలు పదిరోజుల్లో ఉన్నాయనగా, అది బయటపడింది. ఆమె ఏం చేసిందో జాగ్రత్తగా చూడు. పార్టీలో తనకున్న చిన్న బాధ్యత వదులుకుంది. ఏప్రిల్ 27న పార్లమెంటులో లేచి నిలబడి, తను చేసింది తప్పని నేరుగా క్షమాపణ చెప్పింది. పార్టీ ఆమెని సస్పెండ్ చేసింది. అడగవలసిందీ, చెప్పవలసిందీ, చేయవలసిందీ రెండురోజుల్లో అయిపోయాయి. వివాదం చల్లారే దారిలో పడింది.

మర్నాడు ఉదయం కెన్ లివింగ్‌స్టన్ బీబీసీ రేడియో లండన్‌కి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు లండన్ మేయర్‌గా చేసినవాడు, పార్టీ జాతీయ కార్యవర్గ సభ్యుడు, మైకు ముందు నలభై ఏళ్ళ అలవాటున్నవాడు. ఆమెని వెనకేసుకురావాలన్నదే ఆయన ఉద్దేశం. ఆమె మాటలు శ్రుతి మించాయి గానీ అందులో యూదు ద్వేషం లేదన్నాడు. అక్కడ ఆగినా నష్టం కొంతే, అప్పటికే ఆమె తప్పని ఒప్పుకుంది కాబట్టి ఈయన సమర్థన ఆమె క్షమాపణకే అడ్డం పడింది. ఆయన ఆగలేదు. వాదనని గట్టి చెయ్యాలని చరిత్రలోకి వెళ్ళాడు. 1932లో హిట్లర్ గెలిచినప్పుడు యూదులని ఇజ్రాయెల్‌కి తరలించాలన్నాడని, జియోనిజాన్ని, అంటే యూదులకి సొంత దేశం కావాలన్న ఉద్యమాన్ని, సమర్థించాడని అన్నాడు. ఆ వాక్యం ఎవరూ అడిగింది కాదు. ఫేస్‌బుక్ పోస్టు గురించి వేసిన ప్రశ్నకి ఆయనే తెచ్చిపెట్టిన జవాబు. కొద్దిగంటల్లో సొంత పార్టీ ఎంపీ జాన్ మన్ కెమెరాల ముందే ఆయన్ని నిలదీశాడు. ఆ రోజే లివింగ్‌స్టన్‌ని సస్పెండ్ చేశారు. మర్నాడు పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్, పార్టీలో యూదు ద్వేషం మీద విచారణకి షామీ చక్రబర్తి అనే న్యాయవాదిని నియమించవలసి వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. పోస్టు పెట్టిన నాజ్ షా మూడు నెలలు తిరగకుండా, జూలైలో పార్టీలోకి తిరిగి వచ్చింది. ఆమెని సమర్థించబోయిన లివింగ్‌స్టన్‌కి 2017లో సస్పెన్షన్ ఇంకో ఏడాది పొడిగించారు, 2018 మేలో ఆయన పార్టీ వదిలేశాడు. ఎవరి మాట కోసం మొదలైందో వాళ్ళు బయటపడ్డారు, వకాల్తా పుచ్చుకున్నవాడు మునిగిపోయాడు.

ఎక్కడ చెడింది? మూడు చోట్ల. అసలు మనిషి క్షమాపణ చెప్పాక సమర్థనకి పోవడం మొదటిది. క్షమాపణ తర్వాత నువ్వు చెప్పవలసింది ‘ఆమె చెప్పింది, మేము దానితోనే ఉన్నాం’ అన్నంత వరకే. ప్రశ్న పరిధి దాటి, తనకి బాగా తెలుసనుకున్న విషయంలోకి వెళ్ళడం రెండోది. తెలివైనవాళ్ళకి ఇదే పెద్ద ప్రమాదం, నీకు కూడా. నువ్వు చదువుకున్నదానివి, చరిత్ర బాగా తెలిసినదానివి, ఎదుటివాడు తప్పు తేదీ చెబితే సరిదిద్దకుండా ఉండలేవు. ఆ గంటసేపు ఉండు. ఎదురుదెబ్బ తగిలాక కూడా మాట వెనక్కి తీసుకోకుండా దాన్నే మళ్ళీ మళ్ళీ వివరించడం మూడోది. ప్రతి వివరణా మర్నాటికి ఒక కొత్త శీర్షిక అయింది.

అమ్మడూ, చిన్నప్పుడు నీ తమ్ముడు ఏం పగలగొట్టినా నువ్వే అడ్డంపడి నీ మీద వేసుకునేదానివి. ఆ గుణం చూసి అందరం మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడు అదే నాకు భయంగా ఉంది. ఇంట్లో దెబ్బ మర్నాటికి మరిచిపోతారు. ఈ పనిలో నువ్వు అడ్డం వేసుకున్న మాట నీ పేరు మీదే ఉండిపోతుంది. ఆయనకి ఇంకో పదవి వస్తుంది, వీడియోలో ఆయన మాట పక్కన నీ మొహం ఉంటుంది. నీ కూతురు పెద్దదయ్యాక నీ పేరు టైప్ చేసి చూస్తే ఏది కనబడాలో నువ్వే తేల్చుకో. కోపంగా అంటున్నానని అనుకోకు తల్లీ.

స్టూడియో సంగతులు. ముందురోజే డెస్క్‌కి ఫోన్ చేసి అంశం ఏమిటి, ఇంకెవరు వస్తున్నారు, ఏ క్లిప్ వేస్తారు, ఎంతసేపు అని అడుగు. చెబుతారు, అడగడమే మనవాళ్ళకి అలవాటు లేదు. ప్రత్యక్ష ప్రసారమో రికార్డింగో తెలుసుకో. రికార్డింగైతే నీ ఫోన్‌లో కూడా నీ మాటలు రికార్డు చేసుకో. తెర మీద నాలుగు పెట్టెలుంటాయి, నువ్వు మాట్లాడనప్పుడు కూడా నీ పెట్టె కనబడుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ళు ఆ క్లిప్ గురించి చెబుతుంటే మర్యాదకి తల ఊపకు, నవ్వకు. ఆ తల ఊపటాన్ని కత్తిరించి ‘పార్టీ ప్రతినిధి అంగీకారం’ అని వేసుకోవడం క్షణం పని. కార్యక్రమం అయిపోయిందన్నా, మైకు నీ బట్టలకి ఉన్నంతసేపు అది తెరిచే ఉందనుకో.

“ఆ మాటతో మీరు ఏకీభవిస్తారా, అవునా కాదా?” అని తప్పకుండా అడుగుతారు. నీ మొదటి మాట ‘కాదు’ కావాలి. ‘చూడండీ, అసలు విషయం ఏమిటంటే’ అని మొదలుపెట్టావంటే అవుననే అర్థం, ఆ తర్వాత నువ్వేం చెప్పినా. ప్రశ్నలోని చెడ్డ మాటని జవాబులో మళ్ళీ పలకవద్దు. ‘ఆయన ఫలానా కులాన్ని ఫలానా అనలేదు’ అన్నావంటే ఆ ‘ఫలానా’ నీ గొంతులో రికార్డయిపోయింది. ‘ఆ మాట’ అను, చాలు. అదే ప్రశ్న ఐదుసార్లు అడిగితే ఐదుసార్లూ అదే జవాబు, అవే మాటల్లో, అదే గొంతుతో. విసుగొచ్చి మూడోసారికి కొత్తగా చెప్పాలనిపిస్తుంది. చెప్పావంటే ఆ కొత్తదే వార్త.

ఆ మాట పడ్డవాళ్ళ తరఫువాళ్ళు చర్చలో ఉంటే ముందు వాళ్ళకేసి తిరిగి మాట్లాడు. యాంకర్‌తో తర్వాత. బాధపడ్డవాళ్ళని అవతలి పార్టీవాళ్ళలా చూడటమే ఇలాంటి చర్చల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే అన్యాయం.

ఆయన చేత క్షమాపణ చెప్పించగలిగితే అది నువ్వు చెయ్యగలిగే అతి మంచి పని. రాసిచ్చేటప్పుడు చూసుకోవలసింది ఒకటే, ‘ఉంటే’ అన్న షరతు ఉండకూడదు. ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే’ అన్న క్షమాపణ, దెబ్బతిన్నవాళ్ళదే తప్పన్నట్టు ఉంటుంది. 2016లో బులంద్‌శహర్ సామూహిక అత్యాచారం కేసుని రాజకీయ కుట్ర అన్న ఆజం ఖాన్ సుప్రీంకోర్టుకి మొదట ఇచ్చిన అఫిడవిట్‌లో ఇలాంటి షరతే ఉందని అటార్నీ జనరల్ అభ్యంతరం చెప్పారు. కోర్టు దాన్ని బేషరతు క్షమాపణగా తీసుకోలేదు. మళ్ళీ రాసి ఇస్తేనే ఆ డిసెంబర్ 15న అంగీకరించింది. ఏం అన్నాడో, అది ఎందుకు తప్పో, ఎవరికి బాధ కలిగిందో, ఇక ఏం చెయ్యబోతున్నాడో ఆయనే తన నోటితో చెప్పాలి. నాలుగైదు వాక్యాలు చాలు. పార్టీ తరఫున నువ్వు చెప్పే క్షమాపణ దీనికి బదులు కాదు.

కొన్ని మాటలకి సమర్థనే లేదు. ఒక వర్గాన్ని చంపమన్నా, అత్యాచారానికి బాధితురాలినే తప్పుపట్టినా, మనుషులని పుట్టుకతో తక్కువన్నా వెళ్ళనని చెప్పు. ఫోన్‌లో చెప్పకు, మాట మారిపోతుంది. మీడియా విభాగం ఇన్‌ఛార్జికి రెండు వాక్యాల మెసేజ్ పెట్టు: ‘ఈ వ్యాఖ్యని ఖండించే ప్రకటన పార్టీ ఇస్తే దాన్ని చదవడానికి వస్తాను. సమర్థించే చర్చకి నేను రాలేను.’ కారణాలు రాయకు, వాదించకు. రెండు నెలలు పిలవకపోవచ్చు. పిలవనీ.

ఈ వారం చర్చకి ముందు ఆ పూర్తి వీడియో లింకు, మీ పార్టీ ప్రకటన, నువ్వు చెప్పబోయే మూడు వాక్యాలు నాకు పంపు. రాత్రి ఎంత ఆలస్యమైనా చూస్తాను. ఆయన్ని ఆ రెండో వీడియో గురించి అడిగావో లేదో కూడా రాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న